చదరంగమున ఓటమి – అభ్యాసము



ఈ పూట నేను మీతో ముచ్చటింపదలచిన విషయము చదరంగము. పెద్దవారికి ఆటలను గూర్చి ప్రసంగమేమని మీలో కొందరనుకొనవచ్చును. కాని నేను చెప్పబోవునది ఎత్తులను గూర్చి కాదు. ఆటలో ఓడినవాని మనస్సును గూర్చి, ఆ మనస్సును కోపమునుండి అభ్యాసమునకు మరల్చుకొనిన వారి చరిత్రను గూర్చి. మనుమలు, మనుమరాండ్రు ఉన్న ప్రతి యింటికిని దీనితో పని కలదు.

నేను ఓరుగల్లు ప్రాంతమున ముప్పది యేండ్లకు పైగా తెలుగు బోధించినవాడను. నా చిన్ననాట మా యూరి చావడి అరుగుమీద పులిజూదపు గీతలుండెడివి. వేసవి మధ్యాహ్నములందు చదరంగపు గుడ్డ పరచి పెద్దలిద్దరాడుచుండగా పదిమంది చుట్టు మూగెడివారు. ఒక్క ఆట సాయంకాలము దాక సాగెడిది. ఓడినవాడు చుట్ట ముట్టించుకొని, "ఆ గుర్రమును కదపకుండవలసినది" అనుచు లేచిపోయెడివాడు. ఇంటికి పోవునంత సేపును ఆ గుర్రమే వాని తలలో తిరుగుచుండెడిది. ఇప్పుడా అరుగు బోసిపోయినది కాని ఆట పోలేదు. అది పిల్లల అరచేతిలోని ఫోనులోనికి వచ్చి చేరినది. మూడు నిమిషములలో ఒక ఆట ముగియును; ఓడినవాడు ఆలోచించుటకు లేవడు, వెంటనే మరియొక ఆట మొదలుపెట్టును. ఈ భేదమే నా నేటి ప్రసంగమునకు మూలము.

చదరంగమను మాట చతురంగ శబ్దమునకు తద్భవము. రథ గజ తురగ పదాతులను నాలుగంగములు గల సేన యని దాని యర్థము. క్రీ. శ. 7వ శతాబ్దమున బాణభట్టు తన హర్షచరితమున చతురంగమును ప్రస్తావించినాడు. మన దేశమున పుట్టిన ఈ యాట పారసీకమున చత్రంగ్ అయి, అరబ్బుల చేత షత్రంజ్ అనిపించుకొని, యూరపు ఖండము చేరినది. అచ్చట 15వ శతాబ్దపు చివర మంత్రికిని శకటునకును ఇప్పటి దూరపు నడకలు లభించినవి. మన తెలుగువారిలో బొడ్డుచర్ల తిమ్మన్న యను కవి శ్రీకృష్ణదేవరాయలతో చదరంగమాడి గెలుచుచుండెడివాడని చాటువుల వలన వినుచున్నాము. ఓడిన రాయలు కినియక, ఆ నేర్పునకు మెచ్చి అగ్రహారమిచ్చెనని ప్రతీతి. ఓడియు గెలిచినవానిని మెచ్చగల మనస్సు రాజులకు సైతము సులభముగా అబ్బునది కాదు.

అభ్యాసమునకును మనవారు త్రోవ చూపకపోలేదు. తిరువేంగడాచార్య శాస్త్రి యను పండితుడు చదరంగమును గూర్చి సంస్కృతమున ఒక గ్రంథము రచించెను. దాని ఆంగ్లానువాదము 1814లో బొంబాయిలో అచ్చయినది. అందు మొదటినుండి కడవరకు ఆటలు లేవు; చిక్కు ఘట్టములు కలవు. పావులిట్లున్నవి, ఆట కట్టించుట యెట్లు అని ప్రశ్న. విద్యార్థి దానిని సాధింపవలెను. మనము పిల్లలకు లెక్కలు ఇచ్చినట్లే ఇది. నేటి గొప్ప ఆటగాండ్రును ప్రతిదినము ఇట్టి చిక్కులనే సాధించుచున్నారు. ఆడుట వేరు, అభ్యసించుట వేరు అని దీనివలన స్పష్టమగుచున్నది.

ఓటమి మనస్సును ఏమి చేయునో మన భారతముకంటె బాగుగా చెప్పిన గ్రంథము లేదు. ధర్మరాజు పాచికలాటలో ఒక్కసారి ఓడి నిలిచియుండినచో కథ వేరుగా నుండెడిది. ఓడిన కొలదిని, పోయినది రాబట్టుకొనవలెనన్న పట్టుదల పెరిగినది. ధనము, రాజ్యము, తమ్ములు, తాను, తుదకు ద్రౌపది. అన్నియు తిరిగి లభించిన పిదప రెండవమారు పిలిచినను పోయి కూర్చుండెను, అరణ్యవాసము ప్రాప్తించినది. ధర్మమెరిగిన మహాత్ముడే ఓటమి వేడిలో వివేకము కోల్పోయినప్పుడు, పండ్రెండేండ్ల బాలుడు కోల్పోవుటలో వింత యేమున్నది?

అయితే భారతము అచ్చట ఆగలేదు. వనమున బృహదశ్వ మహర్షి ధర్మరాజునకు నలుని కథ చెప్పెను. నలుడును పుష్కరునితో జూదమాడి సర్వమును కోల్పోయినవాడే. కాని అతడు వెంటనే మరల ఆడలేదు. ఋతుపర్ణుని యొద్ద సారథిగా కొలువు చేసి, తన అశ్వవిద్యను అతనికిచ్చి, అతనివద్ద అక్షహృదయమను విద్య నేర్చుకొనెను. తరువాతనే పుష్కరుని మరల పిలిచి గెలిచెను. గెలిచి, వానిని క్షమించెను. ఈ కథ విన్న ధర్మరాజునకు ఆ మహర్షి అక్షహృదయమును ఉపదేశించెను. ఓటమికిని మరల ఆడుటకును నడుమ విద్య యుండవలెనని ఈ రెండు కథల సారము. పాచికలలో దైవము పాలున్నది. చదరంగమున అదియు లేదు. కావున అచ్చట ఈ నీతి మరింత వర్తించును.

ఇక మన కాలమునకు, మన యూరికే వత్తము. ఇరిగేసి అర్జున్ 2003లో వరంగల్లున జన్మించినవాడు. 2018లో, పదునైదేండ్లు నిండకమునుపే గ్రాండ్ మాస్టరు బిరుదమును పొందెను. 2022 జనవరిలో నెదర్లాండ్సు దేశమున వైక్ ఆన్ జీ అను ఊర జరిగిన పోటీలో రెండవ తరగతిని గెలిచి, మరుసటి యేట మొదటి తరగతిలో ఆడుటకు అర్హత సంపాదించెను. అదే యేట మార్చిలో జాతీయ విజేతయు నయ్యెను. ఊరంతయు సంతసించినది. 2023 జనవరిలో ఆ మొదటి తరగతిలో కూర్చుండినప్పుడు మాత్రము 13 ఆటలలో 4 పాయింట్లే లభించినవి. 14 మందిలో కడపటివాడయ్యెను. ఆ సంవత్సరమే బాకూ నగరమున ప్రపంచ కప్పు క్వార్టర్ ఫైనలులో, సమమైన ఆటలను తేల్చుటకు ఆడించు త్వరితపు ఆటలలో ప్రజ్ఞానందకు ఓడెను. డిసెంబరులో చెన్నపట్టణమున గుకేశ్‌తో సమానముగా పాయింట్లు పొందియు, సమస్థాయిని తేల్చు లెక్కలో రెండవవాడయ్యెను. ప్రపంచ విజేతతో పోరుటకు అర్హుని నిర్ణయించు 2024 నాటి అభ్యర్థుల పోటీకి గుకేశ్ పోయెను. అర్జున్ ఇంట నుండెను.

ఇట్టి యేడాది పిదప చాలమంది కృంగిపోదురు. అర్జున్ ఫలితమును గూర్చిన చింతను తగ్గించుకొని, మంచి ఆట యాడుటయందే దృష్టి నిలిపినట్లు తానే పలుమారులు చెప్పియున్నాడు. గొప్ప పోటీలకు పిలుపులు రానప్పుడు, తనకంటె తక్కువ రేటింగు గలవారు వందలుగా వచ్చు బహిరంగ పోటీలకు పోయి ఆడెను. అచ్చట గెలిచిన పెరుగుట స్వల్పము, ఓడిన తరుగుట యధికము, అయినను వెనుదీయలేదు. 2024 సెప్టెంబరులో బుడాపెస్టు ఒలింపియాడున మూడవ బల్లపై 11 ఆటలలో 10 పాయింట్లు పొంది స్వర్ణపతకము నందెను. భారత జట్టునకును ఓపెన్ విభాగమున తొలి స్వర్ణము లభించినది. ఆ డిసెంబరు జాబితాలో అతని రేటింగు 2801. విశ్వనాథన్ ఆనంద్ తరువాత 2800 దాటిన రెండవ భారతీయుడతడే. దీనితో ఓటములు తీరినవా? తీరలేదు. 2025 నవంబరులో గోవాలో ప్రపంచ కప్పు క్వార్టర్ ఫైనలులో మరల ఓడెను. మరుసటి నెలలోనే దోహాలో ప్రపంచ త్వరిత చదరంగ పోటీలలో రెండు కాంస్యపతకములు గెలిచెను. ఓటమి లేని ఆటగాడు లేడు. ఓటమితో ఆగని ఆటగాడే గలడు.

గుడివాడ యాడబిడ్డ కోనేరు హంపి కథయు ఇట్టిదే. ఆమె 2002లో పదునైదవ యేట గ్రాండ్ మాస్టరైనది. తల్లియై కొంతకాలము ఆట మాని, తిరిగి వచ్చి 2019లో మాస్కోలో ప్రపంచ త్వరిత చదరంగ విజేత యయ్యెను. 2024 డిసెంబరులో న్యూయార్కున, ముప్పది యేడేండ్ల వయస్సున, అదే పోటీలో మొదటి ఆటనే ఓడినది. మొదటి అడుగే తడబడినప్పుడు పదిమంది తొమ్మండుగురు ఆ దినమునకు ఆశ వదులుకొందురు. ఆమె మిగిలిన ఆటలను ఒక్కొక్కటిగా ఆడి, మొత్తము 11 ఆటలలో 8.5 పాయింట్లతో రెండవమారు విజేత యయ్యెను. ఆ నెలలోనే చెన్నపట్టణపు తెలుగు కుటుంబమున పుట్టిన గుకేశ్ సింగపూరున ప్రపంచ విజేత యయ్యెను గదా. ఆ పోరున మొదటి ఆట అతడును ఓడినవాడే.

వీరు అభ్యసించు విధమేమి? పోటీలలో ప్రతి ఎత్తును కాగితముపై వ్రాసికొనవలెనని నియమము కలదు. ఆట ముగిసిన పిదప పలుమారు ఓడినవాడును గెలిచినవాడును కలిసి కూర్చుండి, ఎక్కడ త్రోవ తప్పినదో వెదకుదురు. ఇంటికి వచ్చి మరల చూతురు. ఇందువలన లాభమేమో ఒక పరిశోధన తెలుపుచున్నది. 1973లో అమెరికాలో ఛేజ్, సైమన్ అను శాస్త్రజ్ఞులు, ఆటగాండ్రకు ఐదు సెకండ్లు మాత్రము బల్లను చూపి, పావులను మరల పేర్చుమనిరి. నిజమైన ఆటలోని ఘట్టమైనచో నిపుణుడు చాలవరకు సరిగా పేర్చెను. క్రొత్తవాడు నాలుగైదు పావులతో ఆగెను. పావులను క్రమము లేక చల్లి చూపినప్పుడు మాత్రము నిపుణుని ఆధిక్యము ఇంచుమించు మాయమయ్యెను. మన అవధానుల ధారణ తెలిసినవారికి ఇందు వింత లేదు. యతిప్రాసలు, అన్వయము గల పద్యము ఒకమారు విన్నంత నిలుచును. అర్థము లేని అక్షరముల గుంపు నిలువదు. నేర్పనగా దొడ్డ బుద్ధి కాదు. అర్థము తెలిసి చూచిన ఘట్టముల నిలువ. చూడక ఆడిన వేయి ఆటలు ఆ నిలువకు చేరవు.

ఇక ఫోను ఆటలో ఒక మర్మము కలదు. దానిని పిల్లలకు పెద్దలు చెప్పవలెను. ఆ యంత్రము ఎప్పుడును వానికి సరిజోడునే వెదకి తెచ్చును. గెలిచినచో మరింత గట్టివానిని తెచ్చును. కావున ఎంత నేర్చినను, ఇంచుమించు సగము ఆటలు ఓడుటయే సహజము. పిల్లవాడు అంకె తగ్గెనని కంట నీరు పెట్టుకొనును. తాను ఎదుగుచున్నందువలననే గట్టివారు ఎదురగుచున్నారని యెరుగడు. ఆ దుఃఖములో వెంటనే మరియొక ఆట, మరియొక ఆట. ధర్మరాజు చేసినదియు ఇదియే.

ఇచ్చట నా తప్పొకటి మీ ముందుంచవలెను. ఉపాధ్యాయుడనై యుండగా, మా బడిలో ఎనిమిదవ తరగతి బాలుడొకడు చదరంగమున మిక్కిలి చురుకైనవాడు. జిల్లా పోటీకి వానిని నేనే తీసికొనిపోతిని. మొదటి దినముననే ఓడి, బయటికి వచ్చి యేడ్చెను. పదిమంది యెదుట "బడి పరువు తీసితివి గదరా" అంటిని. వాడు మరల పావు ముట్టలేదు. ఇరువదియేండ్ల పిదప హనుమకొండలో వాడే నన్ను గుర్తించి నమస్కరించెను. మాటలలో ఆ దినపు ముచ్చట వచ్చినది. "సారూ, ఆనాడు నేను ఏ ఎత్తు కాడ తప్పిననో మీరు అడుగుతరనుకున్న" అనెను. కోపము లేదు, నవ్వుచునే యనెను. నాకు మాత్రము ఆ రాత్రి నిద్ర పట్టలేదు. శతకములు, సుభాషితములు ఎన్నియో బోధించితిని; అడుగవలసిన ఒక్క ప్రశ్న అడుగనైతిని.

ఇప్పుడు నా మనుమడు ఫోనులో చదరంగమాడుచున్నాడు. ఒక రాత్రి వరుసగా తొమ్మిది ఆటలు ఓడి ఫోనును మంచముమీద విసరికొట్టెను. నేను తిట్టలేదు. మరునాడు ఇద్దరము ఒక ఒడంబడిక చేసికొంటిమి. రెండు ఆటలు వరుసగా ఓడినచో ఆ పూటకు ఆట కట్టు. ఓడిన ఆటలలో ఒకదానిని గుడ్డమీద నాకు మరల ఆడి చూపవలెను. తప్పిన ఎత్తును తానే వెదకవలెను. యంత్రమును అడుగుట తరువాతి మాట. దానిని ఒక నోటు పుస్తకమున వ్రాయవలెను. నాకంటె వాడు బాగుగా ఆడును గనుక నేను నేర్పగలిగినది లేదు. ప్రక్కన కూర్చుండి అడుగుటయే నా పని. మొదటి వారము విసుగుకొనెను. మొన్న బడి పోటీలో ఓడి వచ్చి, చెప్పులైనను విడువక, "తాతా, పద్దెనిమిదో ఎత్తు కాడ తప్పిన" అనెను. ముఖమున బాధ యున్నది, సిగ్గు లేదు.

అయ్యలారా, అమ్మలారా, పిల్లలకు ఓటమి వలన కలుగు బాధ సహజము, అది యుండవలసినదే. దానిని అవమానముగా మార్చునది పలుమారు మన నోటి మాట. మీ యింటి పిల్లవాడు ఆటలోగాని, పరీక్షలోగాని ఓడి వచ్చినప్పుడు ముందుగా మంచినీళ్లిచ్చి కూర్చుండబెట్టుడు. పిదప, ఎందుకు ఓడితివని గాక, ఎక్కడ తప్పితివని యడుగుడు.