గ్లోరియా స్టైనమ్ అబార్షన్ వెల్లడి

అమెరికన్ పాత్రికేయురాలు, స్త్రీవాద ఉద్యమకారిణి గ్లోరియా స్టైనమ్ (జననం 1934) లండన్‌లో 1957లో అబార్షన్ చేయించుకుంది. ఆ సంగతిని ఏళ్ల తరబడి ఎవరికీ తెలియనివ్వలేదు. చివరికి 1972లో ‘మిస్’ పత్రికలో సంతకం చేసి బయటపెట్టింది. ఆమె ధైర్యానికి గుర్తుగా ఈ ఘట్టాన్ని తరచూ చెబుతారు. అయితే ఆమె నోరు విప్పడానికి ముందు ఇతర స్త్రీలు చెప్పుకున్నది వింది. ఆ వరస తెలియకపోతే అసలు సంగతి అర్థం కాదు.

స్మిత్ కాలేజీలో 1956లో చదువు ముగించి, కుదిరిన పెళ్లిని కాదనుకుని, ఫెలోషిప్ మీద ఆమె భారతదేశానికి బయల్దేరింది. వీసా కోసం లండన్‌లో ఆగి, హోటల్లో వెయిట్రెస్‌గా పనిచేస్తున్నప్పుడు తాను గర్భవతినని తెలిసింది. అప్పటికి వయసు 22. బ్రిటన్‌లో 1861 నాటి చట్టం ప్రకారం అబార్షన్ నేరం. 1938లో బోర్న్ అనే డాక్టరు కేసులో వచ్చిన తీర్పు మాత్రం చిన్న సందు వదిలింది: తల్లి ఆరోగ్యం దెబ్బతింటుందని డాక్టర్లు నమ్మితే చేయవచ్చు. డబ్బు, పరిచయాలు ఉన్నవాళ్లకే ఆ సందు దొరికేది. జాన్ షార్ప్ అనే డాక్టరు సాహసించి ఆమె కోసం సంతకం పెట్టాడు.

తప్పు చేశానని బాధపడాలని లోకం ఆశిస్తుందని తెలుసు, ఎంత ప్రయత్నించినా ఆ బాధ మాత్రం కలగలేదని తర్వాత ఆమె చెప్పుకుంది. అయినా నోరు మెదపలేదు. గుట్టు వెనక ఎప్పుడూ పశ్చాత్తాపమే ఉంటుందనుకోవడం పొరపాటు. నలుగురి నోళ్లలో నానుతామన్న భయం ఒక్కటి చాలు.

భారతదేశంలో ఆమె దాదాపు రెండేళ్లు ఉంది. తమిళనాట రామనాథపురం ప్రాంతంలో కుల ఘర్షణలు చెలరేగినప్పుడు భూదాన ఉద్యమ నేత వినోబా భావే అనుచరుల బృందంతో కలిసి ఊరూరా నడిచింది. జట్టులో ఒక్క ఆడమనిషైనా లేకపోతే ఊళ్లోని ఆడవాళ్లు సమావేశానికి రారు. అందుకే ఆమెను వెంట తీసుకువెళ్లారు. జనం చుట్టూ కూర్చుని ఒకరి తర్వాత ఒకరు తమకు జరిగింది చెప్పుకునే ఆ పద్ధతి ఆమె మనసులో నాటుకుంది. తన సంగతికి కూడా అది పనికొస్తుందని తెలియడానికి మరో పదేళ్లకు పైనే పట్టింది.

న్యూయార్క్ రాష్ట్ర శాసనసభ 1969 ఫిబ్రవరిలో అబార్షన్ చట్టంపై విచారణ పెట్టి, 14 మంది మగవాళ్లను, ఒక క్రైస్తవ సన్యాసినిని పిలిచింది. రెడ్‌స్టాకింగ్స్ అనే స్త్రీవాద బృందం వెళ్లి ఆ సభను అడ్డుకుంది. మార్చి 21న గ్రీనిచ్ విలేజ్‌లోని వాషింగ్టన్ స్క్వేర్ మెథడిస్ట్ చర్చిలో తానే మరో సభ పెట్టింది. దాదాపు 300 మంది ముందు 12 మంది స్త్రీలు తమకు జరిగింది చెప్పారు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్‌కు ఒప్పుకుంటేనే అబార్షన్ చేస్తామని ఆసుపత్రివాళ్లు షరతు పెట్టారని ఒకామె చెప్పింది. ‘న్యూయార్క్’ పత్రిక కాలమిస్టుగా స్టైనమ్ ఆ సభకు వెళ్లింది, మాట్లాడలేదు. ఏప్రిల్‌లో స్త్రీ విముక్తి ఉద్యమం మీద రాసిన వ్యాసంలోనూ తన అబార్షన్ ఊసెత్తలేదు. కానీ ఇంతమందికి జరిగినది నేరం ఎలా అవుతుంది, రహస్యంగా ఎందుకుండాలి అన్న ప్రశ్న ఆ రాత్రే పుట్టిందని ఆమె పదేపదే చెప్పింది.

ఫ్రాన్స్‌లో 1971 ఏప్రిల్‌లో రచయిత్రి సిమోన్ ద బోవా రాసిన ప్రకటనపై 343 మంది స్త్రీలు తాము అబార్షన్ చేయించుకున్నామని సంతకం చేశారు. జూన్‌లో జర్మనీలో ‘స్టెర్న్’ పత్రిక ద్వారా 374 మంది అదే పని చేశారు. ఒక్కరు ఒప్పుకుంటే కేసు, వందలమంది ఒప్పుకుంటే ప్రభుత్వానికే ఇబ్బంది. స్టైనమ్ సహస్థాపకురాలిగా ఉన్న ‘మిస్’ 1972 వసంత సంచికలో 53 మంది అమెరికన్ స్త్రీల పేర్లు అచ్చయ్యాయి, వాటిలో ఆమె పేరూ ఉంది. పాఠకులు కత్తిరించి తమ పేరుతో పంపడానికి కూపన్ కూడా ఇచ్చారు. ముఖచిత్రంలో ఎనిమిది చేతుల్లో ఇస్త్రీపెట్టె, పెనం, టైప్‌రైటర్ వంటివి పట్టుకున్న నీలవర్ణపు స్త్రీ కాళికను తలపించేలా ఉంది. మూడు లక్షల ప్రతులు ఎనిమిది రోజుల్లో చెల్లిపోయాయి.

ఈ వెల్లడి అందరికీ ఒకేలా అనుభవమైందనలేం. టెన్నిస్ క్రీడాకారిణి బిల్లీ జీన్ కింగ్ పేరు తనను అడగకుండానే ఆమె భర్త ఆ జాబితాలో చేర్చాడు. గుట్టు విప్పడం ఎవరి హక్కు అన్న చిక్కు ఉద్యమంలోనే మొదలైందన్నమాట.

న్యూయార్క్‌లో 1970లోనే చట్టం మారింది. అమెరికా అంతటా 1973 జనవరి 22న ‘రో’ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో అబార్షన్ హక్కు వచ్చింది. భారత పార్లమెంటు 1971లోనే గర్భస్రావ చట్టం చేసింది. అది ప్రభుత్వం వేసిన శాంతిలాల్ షా కమిటీ సిఫారసుల మీద వచ్చింది, స్త్రీల బహిరంగ సాక్ష్యాలతో వచ్చినది కాదు.

లండన్ డాక్టరు షార్ప్ ఆనాడు స్టైనమ్ దగ్గర రెండు మాటలు తీసుకున్నాడు: తన పేరు ఎవరికీ చెప్పకూడదు, జీవితంలో ఆమె తనకు కావలసిందే చేయాలి. 2015లో వెలువడిన ‘మై లైఫ్ ఆన్ ది రోడ్’ పుస్తకాన్ని ఆమె అతని పేరు రాసి అంకితమిచ్చింది. ఆ చట్టం అన్యాయమని ఎరిగిన ఆయన, తాను చనిపోయిన ఇంతకాలానికి పేరు చెప్పినా ఏమీ అనుకోడని అందులో రాసింది. ఏడేళ్లకే, 2022 జూన్ 24న, అమెరికా సుప్రీంకోర్టు రో తీర్పును కొట్టేసి నిర్ణయాన్ని రాష్ట్రాలకు వదిలింది. ఆమె పుట్టిన ఒహాయోలో 2023 నవంబరులో ఓటర్లు అబార్షన్ హక్కును రాష్ట్ర రాజ్యాంగంలో చేర్చారు.