కర్ణాటక సంగీత శాస్త్రం: కళాశాల స్థాయి ప్రాథమికాంశాలు

కర్ణాటక సంగీతంలో నాదం, శ్రుతి, స్వరం, మేళం, రాగం, తాళం, రచనా రూపాలు, స్వరలిపి అనే అంశాలను క్రమబద్ధంగా వివరించే విద్య సంగీత శాస్త్రం. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోని సంగీత కళాశాలల్లో సర్టిఫికెట్, డిప్లొమా కోర్సులు చదివేవారు గానంతోనో వాద్యంతోనో పాటు దీన్ని కూడా చదువుతారు. విద్యార్థులు ఈ పాఠాన్ని థియరీ అంటారు. పాడి, వాయించి చూపే సంగీతానికి లక్ష్యమని, దాని నియమాలను చెప్పే భాగానికి లక్షణమని పాత గ్రంథాల్లో పేర్లున్నాయి. లక్ష్యం ముందు పుట్టింది. లక్షణం దాన్ని అనుసరించి ఏర్పడింది. ఈ శాస్త్రం చదవడం మొదలుపెట్టేవారు మొట్టమొదట గ్రహించవలసిన విషయం ఇదే.

గ్రంథ సంప్రదాయం

భరతుడి నాట్యశాస్త్రం స్వరాలను, శ్రుతులను, గ్రామాలను వివరించింది. 13వ శతాబ్దంలో దేవగిరి యాదవుల ఆస్థానానికి చెందిన శార్ఙ్గదేవుడు సంగీత రత్నాకరం రచించాడు. రాగాలను మేళాల కింద వర్గీకరించే పద్ధతిని విజయనగర కాలంలో రామామాత్యుడు 1550లో రాసిన స్వరమేళకళానిధి స్పష్టంగా నిలబెట్టింది. 17వ శతాబ్దంలో తంజావూరు నాయక రాజుల ఆశ్రయంలో వేంకటమఖి చతుర్దండీ ప్రకాశిక రచించి, 72 మేళాలకు గణిత పునాది వేశాడు. తన కాలంలో ప్రచారంలో ఉన్నవి 19 మేళాలేనని కూడా ఆయన చెప్పాడు. సుబ్బరామ దీక్షితులు తెలుగులో రాసిన సంగీత సంప్రదాయ ప్రదర్శిని 1904లో ఎట్టయపురంలో అచ్చయింది. రాగ లక్షణాలనూ కృతుల స్వరాలనూ గమక గుర్తులతో సహా అందించిన ఈ గ్రంథం తెలుగు చదవగల విద్యార్థికి నేరుగా అందే పెన్నిధి.

శ్రుతి, స్వరస్థానాలు

కర్ణాటక సంగీతంలో షడ్జానికి స్థిరమైన కంపన సంఖ్య లేదు. గాయకుడు తన గొంతుకు అనువైన శ్రుతిని ఎంచుకుంటాడు. మిగతా స్వరాలన్నీ దాన్ని ఆధారం చేసుకుని నిలుస్తాయి. షడ్జం సెకనుకు 240 కంపనాల దగ్గర ఉందనుకుంటే పంచమం 360 దగ్గర, తారస్థాయి షడ్జం 480 దగ్గర పలుకుతాయి. అంటే పంచమానికి, షడ్జానికి ఉన్న నిష్పత్తి 3:2. శుద్ధ మధ్యమానికి 4:3, అంతర గాంధారానికి 5:4. బాగా శ్రుతి చేసిన తంబురాలో మంద్ర షడ్జం తీగను మీటి చెవి పెడితే, ఎవరూ పలికించకుండానే అంతర గాంధారం వినబడుతుంది. దాన్ని స్వయంభూ స్వరం అంటారు. పుస్తకంలోని నిష్పత్తి నిజమని చెవికి రుజువయ్యేది అక్కడే.

స్వరాలు ఏడు, స్వరస్థానాలు 12, వాటి పేర్లు 16. షడ్జ పంచమాలు మారవు. రిషభ, గాంధార, ధైవత, నిషాదాలకు మూడేసి రూపాలు, మధ్యమానికి రెండు రూపాలు ఉన్నాయి. పేర్లు 16 అయినా స్థానాలు 12 కావడానికి కారణం నాలుగు చోట్ల ఒకే స్థానానికి రెండేసి పేర్లు ఉండటం. చతుశ్శ్రుతి రిషభమే శుద్ధ గాంధారం, షట్‌శ్రుతి రిషభమే సాధారణ గాంధారం. అలాగే చతుశ్శ్రుతి ధైవతమే శుద్ధ నిషాదం, షట్‌శ్రుతి ధైవతమే కైశికి నిషాదం. ఈ ఏర్పాటు లేకుంటే 72 మేళాల లెక్క కుదరదు.

మేళకర్త పద్ధతి

ఏడు స్వరాలూ ఆరోహణ, అవరోహణల్లో క్రమం తప్పకుండా ఉండే రాగం మేళకర్త. రిషభ గాంధారాలు ఆరు విధాలుగా, ధైవత నిషాదాలు ఆరు విధాలుగా జతపడతాయి. ఆరును ఆరుతో హెచ్చిస్తే 36. శుద్ధ మధ్యమంతో 36, ప్రతి మధ్యమంతో 36 కలిపి మొత్తం 72. వీటిని ఆరేసి చొప్పున ఇందు, నేత్ర, అగ్ని, వేద, బాణ, ఋతు, ఋషి, వసు, బ్రహ్మ, దిశి, రుద్ర, ఆదిత్య అనే 12 చక్రాలుగా విభజించారు. చంద్రుడు ఒకడు, నేత్రాలు రెండు, వేదాలు నాలుగు, ఋతువులు ఆరు అన్నట్టుగా చక్రం పేరే దాని సంఖ్యను చెబుతుంది.

రాగం పేరులోని మొదటి రెండు అక్షరాలను బట్టి మేళ సంఖ్యను కనిపెట్టే పద్ధతికి కటపయాది సూత్రమని పేరు. మేచకల్యాణిలో ‘మ’ పవర్గంలో అయిదోది, ‘చ’ కవర్గం నుంచి లెక్కిస్తే ఆరోది. 56ను తిరగేస్తే 65. ఈ సంఖ్య నుంచి స్వరాలను ఇలా రాబట్టాలి:

- 65 అనే సంఖ్య 36 దాటింది కాబట్టి ప్రతి మధ్యమం.
- 61 నుంచి 66 వరకు పదకొండోదైన రుద్ర చక్రం. రెండో సగంలో అది అయిదో చక్రం కాబట్టి చతుశ్శ్రుతి రిషభం, అంతర గాంధారం.
- ఆ చక్రంలో 65 అయిదో మేళం కాబట్టి చతుశ్శ్రుతి ధైవతం, కాకలి నిషాదం.

ఇదే పద్ధతిలో మాయామాళవగౌళ 15, ధీరశంకరాభరణం 29 అని తేలుతుంది. 72 పేర్లను కంఠస్థం చేయడం కంటే ఏ సంఖ్య ఇచ్చినా స్వరాలను ఇలా రాబట్టడం నేర్చుకోవడం మేలు.

డిప్లొమా స్థాయిలో గ్రహభేదం ప్రధాన పాఠం. శంకరాభరణ స్వరాలను మార్చకుండా రిషభాన్ని షడ్జంగా భావించి పాడితే ఖరహరప్రియ వస్తుంది. గాంధారం నుంచి తోడి, మధ్యమం నుంచి కల్యాణి, పంచమం నుంచి హరికాంభోజి, ధైవతం నుంచి నటభైరవి పుడతాయి. నిషాదం నుంచి మేళం రాదు, పంచమం దొరకదు కాబట్టి.

రాగ లక్షణం

మేళకర్త నుంచి పుట్టినవి జన్య రాగాలు. అయిదు స్వరాలుంటే ఔడవం, ఆరుంటే షాడవం, ఏడూ ఉంటే సంపూర్ణం. స్వరాల క్రమం తప్పితే వక్రం. 28వ మేళమైన హరికాంభోజిలో మధ్యమ నిషాదాలను వదిలేస్తే మోహన. జనక రాగ స్వరాలకే పరిమితమైన రాగం ఉపాంగం, అన్య స్వరాన్ని కూడా చేర్చుకుంటే భాషాంగం. భైరవి రాగాన్ని 20వ మేళం కింద చేర్చినా, ఎక్కేటప్పుడు చతుశ్శ్రుతి ధైవతం, దిగేటప్పుడు శుద్ధ ధైవతం పలుకుతాయి. రాగం మేళ చట్రానికి లొంగకపోతే శాస్త్రకారులు రాగాన్ని దిద్దలేదు, భాషాంగం అనే విభాగాన్నే ఏర్పరచారు.

ఆరోహణ అవరోహణలు తెలిసినంత మాత్రాన రాగం తెలిసినట్టు కాదని చెప్పడానికి ఆరభి, దేవగాంధారి రాగాలు గట్టి నిదర్శనం. రెండింటికీ ఆరోహణ స రి మ ప ద స, అవరోహణ స ని ద ప మ గ రి స. రెండూ 29వ మేళ జన్యాలే. కాగితం మీద వాటికి తేడా లేదు. పాడినప్పుడు ఆరభి చురుకైన నడకతో సాగుతుంది, అందులో గాంధార నిషాదాలు అల్పంగా తగులుతాయి. దేవగాంధారి విలంబంలో, దీర్ఘమైన కంపితాలతో నడుస్తుంది. రాగాన్ని నిలబెట్టేవి గమకాలు, సంచారాలు, ఏ స్వరం మీద ఎంతసేపు నిలవాలన్న వివేకం. ఇవి గురుముఖతా వినవలసినవే.

తాళం

సప్త తాళాలు ధ్రువ, మఠ్య, రూపక, ఝంప, త్రిపుట, అట, ఏక. లఘువులోని అక్షరాలను బట్టి తిశ్ర (3), చతురశ్ర (4), ఖండ (5), మిశ్ర (7), సంకీర్ణ (9) అని అయిదు జాతులు. ఏడు తాళాలు, అయిదు జాతులు కలిస్తే 35. వాటికి అయిదు గతులు చేరితే 175. కచేరీల్లో తరచుగా వినబడే ఆది తాళం నిజానికి చతురశ్ర జాతి త్రిపుటే. ఒక ఘాతం వేసి చిటికెన వేలు, ఉంగరపు వేలు, మధ్య వేలు లెక్కిస్తే నాలుగక్షరాల లఘువు. తర్వాత ఘాతం, విసర్జితంతో ఒక ద్రుతం, మళ్లీ అలాగే మరో ద్రుతం. మొత్తం ఎనిమిది. కాలం, మార్గం, క్రియ, అంగం, గ్రహం, జాతి, కళ, లయ, యతి, ప్రస్తారం అనే తాళ దశ ప్రాణాలు పై తరగతి పాఠం.

రచనా రూపాలు, స్వరలిపి

పురందరదాసు ఏర్పరచినట్టుగా సంప్రదాయం చెప్పే సరళీ స్వరాలు, జంట స్వరాలు, అలంకారాలు మాయామాళవగౌళలో మొదలవుతాయి. ఆ తర్వాత గీతం, స్వరజతి, వర్ణం, కృతి వరుసగా వస్తాయి. క్షేత్రయ్య పదాలు, జావళులు, తిల్లానాలు కూడా లక్షణ పాఠంలో భాగమే. త్యాగరాజు (1767–1847), శ్యామశాస్త్రి కృతుల్లో అధిక భాగం తెలుగులో ఉన్నందువల్ల సాహిత్యం, స్వరం ఎక్కడ కలుస్తున్నాయో తెలుగు విద్యార్థి ఇతరుల సాయం లేకుండా పరిశీలించగలడు.

స్వరలిపిలో హ్రస్వమైన ‘స’ ఒక అక్షర కాలం, దీర్ఘమైన ‘సా’ రెండక్షరాలు. స్వరంపై చుక్క పెడితే తారస్థాయి, కింద పెడితే మంద్రస్థాయి. పైన అడ్డగీత గీస్తే వేగం రెట్టింపు.

కళాశాలలు, అధ్యయనం

విజయనగరంలో పూసపాటి విజయరామ గజపతి 1919లో స్థాపించిన సంగీత కళాశాలకు ఆదిభట్ల నారాయణదాసు తొలి అధ్యక్షుడు. వయొలిన్ విద్వాంసుడు ద్వారం వేంకటస్వామి నాయుడు 1936లో ఆ పదవి స్వీకరించారు. ఘంటసాల వేంకటేశ్వరరావు, పి. సుశీల చదువుకున్నది అక్కడే. హైదరాబాదులో త్యాగరాజ ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల, విజయవాడలో ఘంటసాల పేరిట ఉన్న ప్రభుత్వ కళాశాల, తిరుపతిలో తిరుమల తిరుపతి దేవస్థానం నడిపే శ్రీ వేంకటేశ్వర సంగీత నృత్య కళాశాల ఈ విద్యను కొనసాగిస్తున్నాయి.

ప్రశ్న జవాబులుగా బట్టీ పట్టడం ఈ శాస్త్రానికి చేటు. స్వరస్థానం చదివిన రోజున దాన్ని తంబురా మీద వినాలి, తాళం చదివినప్పుడు చేతితో వేయాలి, రాగ లక్షణం చదివితే ఆ రాగంలో ఒక కృతి పాడి సరిచూసుకోవాలి. మేళ సంఖ్య చెప్పగానే ఆ స్వరాలను శ్రుతిలో పాడి వినిపించగలిగిన విద్యార్థికే సంగీత శాస్త్రం వచ్చినట్టు లెక్క.