ఖాళీ జాగా

టెలిఫోను పుస్తకంలో పేరు వెతకడంలో దొంగతనానికి తావెక్కడిదంటారా? ఉంది సుమండీ! కంప్యూటర్ల చరిత్రలో అలాంటి ముచ్చటొకటుంది.

1993లో అమెరికాలో, ఇల్లినాయ్ విశ్వవిద్యాలయానికి చెందిన ఎన్.సి.ఎస్.ఏ. సంస్థలో రాబ్ మెకూల్ అనే కుర్రవాడు ఒక వెబ్ సర్వరు ప్రోగ్రాము రాశాడు. వెబ్ సర్వరంటే, వచ్చినవాళ్ళు అడిగిన పేజీ తీసి ఇచ్చే గుమాస్తా అనుకోండి. దాంతోపాటు నమూనాగా కొన్ని చిన్న ప్రోగ్రాములు కూడా ఉచితంగా పంచిపెట్టారు. అందులో ‘పి.హెచ్.ఎఫ్.’ ఒకటి. పాపం, దాని పని ఎంతో సాధువైనది. గడిలో పేరు రాస్తే డైరెక్టరీలో ఆ మనిషి వివరాలు వెతికిపెట్టేది. ఎలాగంటారా? ఆ పేరును ఒక ఆజ్ఞ చివర చేర్చి, కంప్యూటరు చేత పని చేయించే ‘షెల్’కు అందించేది. షెల్ చెప్పింది చేస్తుంది. ఎవరు చెప్పారని అడగదు.

ఇది బోధపడాలంటే మా చాదర్‌ఘాట్ కిరాణా కొట్టు చాలు. మా అత్తగారు సామాన్ల చీటీ రాసి, పక్కింటివాళ్ళకేమైనా కావాలంటే రాసుకోమని కింద కాస్త ఖాళీ వదిలేవారు. ఒకసారి ఆ ఖాళీలో ‘జీలకర్ర పావుకిలో’ కింద ఇంకో వరస చేరింది: ‘చీటీ తెచ్చిన కుర్రాడికి 50 రూపాయలివ్వండి’. కొట్టాయన ఇచ్చేశాడు. చీటీ మాది, ఖాతా మాది. ఆయనకు అనుమానమెందుకొస్తుంది?

పి.హెచ్.ఎఫ్.లోనూ అచ్చం ఇదే జరిగింది. పేరు రాయవలసిన చోట పేరు రాసి, వరస మార్చే గుర్తు పెట్టి, దాని కింద ‘పాస్‌వర్డ్ ఫైలు చూపించు’ అని రాస్తే షెల్ చూపించేసేది! జల్లెడ లేకపోలేదు. సెమికోలన్ లాంటి గుర్తుల్ని పట్టుకునేది గానీ, వరస మార్చే గుర్తును వదిలేసింది. 1996 మార్చిలో సెర్ట్ సంస్థ హెచ్చరించింది. అప్పటికే అపాచీ సర్వరుతో కూడా ఆ నమూనా ఊళ్ళకు ఊళ్ళు తిరిగింది. దాన్ని వాడనివాళ్ళు కూడా చాలామంది తీసెయ్యలేదు, అటక మీది సామానులా ఉండనిచ్చారు.

1908 మూసీ వరదలో మా చాదర్‌ఘాట్ వంతెన దెబ్బతింది. అందరి కళ్ళకూ కనబడింది, బాగుచేశారు. ప్రోగ్రాములో పగులు అలా కనబడదు. 1989లో బ్రయన్ ఫాక్స్ రాసిన ‘బాష్’ అనే షెల్‌లో ఆ ఏడాదే చేరిన లోపం ఒకటి, 2014 సెప్టెంబరులో స్టెఫాన్ షాజెలా పట్టుకునేదాకా పాతికేళ్ళు దాక్కుంది. దానికి ‘షెల్‌షాక్’ అని పేరు పెట్టారు. అందులోనూ అదే కథ. పాత పద్ధతి సర్వర్లు, వచ్చినవాడు తన గురించి చెప్పుకున్న మాటల్ని షెల్‌కు చేరవేస్తే, అది వాటిలో దాగిన ఆజ్ఞను కూడా పాటించేది.

ఇన్నాళ్ళూ ఏమీ కాలేదు కదా అంటాం. ఏమీ కాలేదంటే గట్టిగా ఉందనేనా? ఎవరూ తట్టి చూడలేదేమో!

మందు మాత్రం కొత్తదేం కాదు. పైవాడు రాసిన మాటను ఆజ్ఞలో కలపకుండా విడిగా అందించాలి. చెక్కు మీద మొత్తం రాశాక ‘మాత్రమే’ అని చేర్చి గీత గీసే మన ఇంటి పెద్దలకు ఈ సంగతి ఎవరూ నేర్పనక్కర్లేకపోయింది.