వేసవిలో మేమెక్కడికీ వెళ్ళేవాళ్ళం కాదు

వేసవి సెలవులంటే లోకమంతా ఎక్కడికో బయల్దేరే రోజులు. నూజివీడు చుట్టుపక్కల మామిడి తోటలున్న ఇళ్ళకు మాత్రం అవి గడప దాటకూడని రోజులు. ఏప్రిల్ ఆఖర్లో బళ్ళు మూసేసరికి బంగినపల్లి కోతకొస్తుంది. ఆ వెనకే రసాలు. జూన్‌లో బళ్ళు తెరిచేదాకా తోట, కాటా, లారీ, పడమట మబ్బు, వీటి మీదే అందరి కళ్ళూ. నేను గుడివాడ వైపు వరిచేల మధ్య పుట్టి ఈ మెట్టకు కోడలిగా వచ్చాను. జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరయ్యాను. టీచరుగా నాకూ వేసవి సెలవులుండేవి. కోడలిగా మాత్రం ఏడాది మొత్తంలో నడుం విరిగే నెలలు అవే.

పిల్లలకు పాఠం చెప్పేటప్పుడు మా మామిడి సంగతి ఆనకట్ట దగ్గర మొదలుపెట్టేదాన్ని. బెజవాడ దగ్గర కృష్ణకు ఆనకట్ట 1855లో పూర్తయింది. కాలవలు డెల్టాకు పారాయి. మా పుట్టింటి వైపు నేల మాగాణి అయింది, వరి పండింది, డబ్బు వచ్చింది. నూజివీడు ఆ కాలవలకు ఎగువన, ఎర్రనేల మీద ఉండిపోయింది. నీళ్ళు పైకి పారవు. వందేళ్ళు గడిచాక నాగార్జునసాగర్ ఎడమ కాలువ ఇటు వస్తుందన్నారు గానీ, మేమున్నది దాని చిట్టచివర. చివరి భూములకు కాలువ ఎంత అందుతుందో ఆ భూములున్న వాళ్ళకే తెలుసు. వరికి పనికిరాని నేల మామిడికి నచ్చింది. నీరు నిలవని ఎర్రమట్టిలో వేరు లోతుకు పోతుంది. పూతకు ముందు చెట్టు కొన్నాళ్ళు దాహంతో ఉంటేనే పూత బాగా విరగబూస్తుంది. డెల్టా వాళ్ళు మమ్మల్ని చూసి జాలిపడే కరువే మా తోటల పెట్టుబడి.

ఊరు మేకా అప్పారావుల జమీందారీ. తోటల్ని ఆ దొరలే ప్రోత్సహించారని ఇక్కడ పెద్దలు చెప్పుకుంటారు. ఎస్టేటు వారసుల మధ్య ముక్కలై ఉయ్యూరు, మీర్జాపురం, ఇంకా ఎన్నో శాఖలైంది. 1948 చట్టంతో జమీందారీలే పోయాయి. కోటలో తర్వాత పీజీ సెంటర్ పెట్టారు. వేసవిలో ఊరు వదిలి వెళ్ళగలిగింది ఆ పెద్దిళ్ళ వాళ్ళే. మీర్జాపురం రాజావారైతే మద్రాసులోనే శోభనాచల స్టూడియో నడిపారు. ఆయన భార్య, నటి సి. కృష్ణవేణి తీసిన ‘మనదేశం’తో 1949లో ఎన్టీ రామారావు తెర మీదికొచ్చాడు. నూజివీడు జమీకి సినిమాతో ఇంత చుట్టరికం ఉందని చెబితే క్లాసులో పిల్లలు నిద్ర లేచేవాళ్ళు. అందుకే చెప్పేదాన్ని.

రైతుల ఇళ్ళలో లెక్క వేరు. మేం వెళ్ళం, చుట్టాలే వస్తారు. నూజివీడు అని బోర్డున్న రైలు స్టేషన్‌లో దిగితే నూజివీడు రాదు, ఊరు అక్కడికి చాలా దూరం. అందుకని తెలిసినవాళ్ళు హనుమాన్ జంక్షన్ దాకా బస్సులో వచ్చి, మళ్ళీ బస్సు పట్టుకునేవాళ్ళు. ఆడపడుచులు, వాళ్ళ పిల్లలు, ఆ పిల్లల వెంట ఎవరి పిల్లలో తెలియని ఇద్దరు ముగ్గురు. సంచీల్లో బట్టలు తక్కువ, వెళ్ళేటప్పుడు కాయలు నింపుకోవాలి కాబట్టి ఖాళీ ఎక్కువ.

పొద్దున్నే చద్దన్నం, దాంట్లోకి పాత ఆవకాయ జాడీ అడుగున మిగిలిన ఊట. తోటలో కోతగాళ్ళు ఎండ ముదరకముందే చిక్కాలతో చెట్టెక్కేవాళ్ళు కనుక వాళ్ళ క్యారేజీలు ముందు వెళ్ళాలి. గాలికి రాలిన కాయలు గంపలతో వంటింట్లోకి వచ్చిపడేవి, వాటికి రేటు రాదు మరి. మామిడికాయ పప్పు, పచ్చడి, పులిహోర, పులుసు. అప్పటికీ మిగిలితే చెక్కు తీసి ముక్కలు కోసి, ఉప్పు పట్టించి డాబా మీద ఎండేస్తే ఒరుగులు. కాయ కోసే పని ఆగేది కాదు. సొన తగిలి నా వేళ్ళ మధ్య తోలు జూన్ దాకా నల్లగానే ఉండేది. వరిగడ్డిలో మాగేసిన రసాలను గంగాళం నీళ్ళలో నానబెట్టేవాళ్ళం. చిన్నరసాన్ని కత్తితో కోస్తే మా మామగారు ఊరుకునేవారు కాదు. మెత్తగా పిసికి, తొడిమ దగ్గర చిన్న చిల్లు చేసి పీల్చాలి. కోసుకుని తినడానికి బంగినపల్లి ఉందిగా అనేవారు. ఆ బంగినపల్లికి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చినప్పుడు ఊళ్ళో కొందరు సంబరపడ్డారు. చిన్నరసానికి రాలేదేమని మా ఇంట్లో అలక.

మధ్యాహ్నం పంక్తి మూడు విడతలు. మగవాళ్ళు, పిల్లలు, ఆఖర్న మేం. పెరుగన్నంలోకి పండు అందరికీ ఉండేది, నీడపట్టున కూర్చోవడం మాత్రం అందరికీ కాదు. ఆవకాయ పెట్టే రోజు మాత్రం నాకిష్టం. కారం, ఆవపిండి, ఉప్పు, నువ్వుల నూనె కలిపిన బేసిన్‌లోంచి ముక్కలన్నీ జాడీలోకి ఎత్తేశాక, అంచులకు అంటుకున్న పిండిలో వేడన్నం వేసి కలిపి తలా ఒక ముద్ద పెట్టేది మా అత్తగారు. ఆ ఒక్క ముద్దకి వరస లేదు, ముందూ వెనకా లేదు.

ఈ భోజనాలు ఏదో ఒక ఏడాది ఆగిపోలేదు, మెల్లగా పల్చబడ్డాయి. నా లెక్కలో దానికి పెద్ద కారణం గుత్త. తోటను పూత మీదో పిందె మీదో వ్యాపారికి ఇచ్చేయడం ఇక్కడ పాత పద్ధతే. అడ్వాన్స్ ఇచ్చిన వాడే మందు కొట్టిస్తాడు, కాపలా పెడతాడు, కోయించి నున్న మార్కెట్‌కు తోలతాడు. తేనెమంచు పురుగు, గాలివాన, రేటు పడిపోవడం, మాట ప్రకారం అన్నీ అతని నెత్తినే. ఒకప్పుడు మనుషులు లేని ఇళ్ళవాళ్ళే గుత్తకిచ్చేవాళ్ళు. పిల్లలు చదువులకు, ఉద్యోగాలకు వెళ్ళిపోయేసరికి మా ఇల్లూ మనుషులు లేని ఇల్లే అయింది. కొందరు చెట్లు కొట్టేసి పామాయిల్ వేశారు. మేం ఉంచాం, గుత్తకిచ్చాం. కాగితం మీద లేకపోయినా మాట మీద ఉండే షరతు ఒకటుంది, ఇంటి వాడకానికి కాయలు. ఆ కాయలు అట్టపెట్టెల్లో ఆర్టీసీ కార్గో ఎక్కి హైదరాబాదు వెళ్తాయి. చుట్టాలు మా దగ్గరికి రావడం పోయి, కాయలే చుట్టాల దగ్గరికి వెళ్తున్నాయి.

అలా ఒక మే నెలలో, పెళ్ళయిన ఇన్నేళ్ళకు, వేసవిలో మేమూ ప్రయాణం కట్టాం. విశాఖపట్నం. అబ్బాయి, కోడలు, మనవరాలు, మేమిద్దరం. ఒక సాయంత్రం బీచ్ రోడ్డు వైపు ఇటాలియన్ హోటల్‌కి తీసుకెళ్ళారు. ఆయన కాసేపు మెనూ తిరగేసి, మా అబ్బాయి చేతికిచ్చేశారు. మనవరాలు నా తరఫున తనే చెప్పింది. “నానమ్మా, ఇది అరాబియాతా. కారంగా ఉంటుంది, నీకు నచ్చుతుంది.”

నచ్చింది. టమాటా, వెల్లుల్లి, ఎండుమిర్చి. పీజా మీద ముడుచుకుపోయిన ఎర్ర ముక్కలేవో ఉన్నాయి. ఎండబెట్టిన టమాటాలట. నోట్లో పెట్టుకుంటే అచ్చం మన ఒరుగు, పులుపూ ఉప్పూ ఎండా కలిసి. ముందుగా చిన్న గిన్నెలో ఊరబెట్టిన ఆలివ్ కాయలు తెచ్చిపెట్టారు. ఆయన ఒకటి కొరికి, “దీనికింత కారం, ఆవపిండి పెడితే బాగుండును” అన్నారు.

నాకు వర్తెమా గుర్తొచ్చాడు. లుదోవికో ది వర్తెమా ఇటలీలో బొలోనా ఊరివాడు. మన మలబారు తీరం దాకా వచ్చి వెళ్ళి రాసిన పుస్తకం 1510లో రోములో అచ్చయింది. కోళికోడు మామిడిని గురించి చెబుతూ, తమ ఊళ్ళో ఆలివ్‌లను ఊరవేసినట్టే ఇక్కడివాళ్ళు ఈ కాయల్ని ఊరవేస్తారని, ఇవి వాటికంటే ఎంతో మేలైనవని రాశాడు. పోర్చుగీసు ఓడలు కోళికోడు చేరి అప్పటికి పుష్కరకాలమే. మిరప అమెరికా ఖండంలో పుట్టి, వాళ్ళ ఓడల్లో వచ్చి, మన పొలాల్లో పాకింది ఆ తర్వాతే. అంటే ఆ ఇటలీవాడు అంతగా మెచ్చుకున్న మామిడి ఊరగాయలో మన ఎర్ర కారం లేనట్టే. గుంటూరు కారం లేని ఊరగాయను ఇంత పొగిడినవాడు మా అత్తగారి జాడీ మూత తీస్తే ఏమనేవాడో.

వాళ్ళ టమాటా కథా అలాంటిదే. ఇటలీలో దాని గురించి మొదట రాసినవాడు మత్తియోలి అనే వైద్యుడు, 1544లో. దానితో సాసు చేసే విధానం నేపుల్స్‌లో లాతీని వంటల పుస్తకంలో అచ్చులోకి వచ్చింది 1690లలో. అంతకు ముందు వాళ్ళ వంటలో పులుపు కావాలంటే పచ్చిద్రాక్ష పిండిన రసం వాడేవాళ్ళు, మేం పచ్చిమామిడి వాడినట్టు. మన దగ్గర టమాటా ఇంకా వెనక వచ్చింది. మా ఇంట్లో తద్దినం వంటకు నేటికీ టమాటా పడదు. పరాయి కూర అని పెద్దల వాదన. మరి మిరపకాయ ఎక్కడిది అని నేను అడిగితే, తద్దినంలో మిరియాలే వాడతాంగా అని ఆయన జవాబు. ఆ ఒక్క విషయంలో ఓడిపోయాను.

భోజనంలో నాకు కొత్తగా తోచింది రుచి కాదు, వడ్డన. ఎవరి పళ్ళెం వాళ్ళదే, ఎవరు అడిగింది వాళ్ళకే. మారు వడ్డించేవాళ్ళు లేరు, మొహమాటానికి ఇంకో ముద్ద పెట్టేవాళ్ళు లేరు. ఆయనకది వెలితిగా ఉంది, పైకే అన్నారు. నాకు లేదు. అందరితో పాటు కూర్చుని, అందరూ తింటున్నప్పుడే, వేడిగా ఉన్నప్పుడే తిన్నాను. వేసవిలో నాకది కొత్త. “అత్తయ్యా, ఇంకేమైనా చెప్పనా?” అని కోడలు అడిగితే, ఇంకో పీజా చెప్పమన్నాను.

ఇటలీవాళ్ళు మనకు కొత్త కాదన్న సంగతి కూడా ఆ టేబుల్ దగ్గరే చెప్పాను. మిలాన్‌లో 1850లో పుట్టిన మిషనరీ సంస్థ ఫాదర్లు 1855లో, అంటే బెజవాడ ఆనకట్ట పూర్తయిన ఏడాదే, హైదరాబాదు చేరారు. తర్వాత కృష్ణా జిల్లాలోకి వచ్చారు. బెజవాడ మేత్రాసనం 1937లో ఏర్పడితే మొదటి బిషప్పు దొమెనికో గ్రాస్సి, ఇటలీవాడే. గుణదల కొండ మీద 1924లో మరియమాతను నిలిపిన ఫాదర్ అర్లాటీ కూడా అంతే. ఫిబ్రవరిలో గుణదల తిరునాళ్ళకు వెళ్ళే లక్షల మందిలో మతంతో పనిలేకుండా మా ఊరివాళ్ళూ ఉంటారు. ఆ ఫాదర్లు మన ఎండల్లో ఏం తిన్నారో, పాస్తా పిండి వాళ్ళకెవరు పంపారో అని మనవరాలు అడిగింది. వాళ్ళ వంటవాళ్ళు మనవాళ్ళే అయ్యుంటారు, మేలో మామిడికాయ పప్పే పెట్టుంటారని నా ఊహ.

బిల్లు కట్టాక అబ్బాయి, “వచ్చే వేసవికి ఊటీ వెళ్దాం నాన్నా, ఏప్రిల్‌లోనే టికెట్లు తీస్తాను” అన్నాడు.

“కోత అయ్యాక చూద్దాం” అన్నారు ఆయన.

“తోట గుత్తకిచ్చేశాం కదా.”

“గాలివాన వస్తే గుత్తవాడు సగం డబ్బు కోసేసుకుంటానంటాడు. ఎదురుగా మనిషి లేకపోతే మొత్తం కోసేస్తాడు. కోత అయ్యాకే.”