తార్నాక మోరీ ఎవరిది?

తార్నాక అన్న పేరులోనే ఒక హద్దు ఉంది. తార్ అంటే తీగ, నాకా అంటే కాపలా చౌకీ. నిజాముల కాలంలో ఇక్కడి మామిడితోటలకు ముళ్ళతీగ కట్టి, రాకపోకలకు ఒక చౌకీ పెట్టారనీ, ఆ తీగ చౌకీయే చివరకు ఊరిపేరై నిలిచిందనీ పెద్దలు చెప్పే మాట. తోటలు పోయాయి. తీగా పోయింది. హద్దు మాత్రం పోలేదు. కూడలి నుంచి ఉస్మానియా విశ్వవిద్యాలయం వైపు నడిచి గేటు దాటితే ఒక పాలన ముగిసి మరొకటి మొదలవుతుంది. ఇటువైపు వీధుల ఆలనాపాలనా నగరపాలక సంస్థది, అటువైపు విశ్వవిద్యాలయానిది. మోరీ ఇటు పొంగితే అర్జీ పట్టుకుని వెళ్ళవలసిన కార్యాలయం ఒకటి, అటు పొంగితే మరొకటి. నీటికి ఈ భేదాలు తెలియవు కనుక అది పల్లం చూసుకుని పోతుంది.

విద్యార్థిగా ఆ దారిన నడిచిన రోజుల్లో నేను ఈ సంగతి పట్టించుకోలేదు. రెండువైపులా చెట్లు, దూరాన ఆర్ట్స్ కళాశాల గులాబీరంగు రాతిగోడలు, చేతిలో పుస్తకం. అంతటితో లోకం సరిపోయేది. ఆ మోరీని ఎవరు కట్టించారు, ఆ వీధిదీపం ఎవరి తీర్మానంతో వెలిగింది అన్న ప్రశ్నలు చాలా ఆలస్యంగా వచ్చాయి. వెతుకుతూ పోగా తెలిసిందేమిటంటే, తార్నాక ఊరుగా పెరిగిన ఏళ్ళలో చాలాభాగం హైదరాబాదుకు ఎన్నికైన నగరసభే లేదు. ఆ కథే ఇక్కడ చెప్పదలచుకున్నాను.

అన్నట్టు, మన నగరపాలనలోని మాటలను ఒకసారి వరుసగా పెట్టి చూడండి. మోరీ, నాలా, గల్లీ, బస్తీ, సఫాయి, నాకా... నేలమీద ఉన్నవన్నీ ఉర్దూ. కొంచెం పైకి పోతే వార్డు, కమిటీ, టెండరు, కమిషనరు, అవి ఇంగ్లీషు. ఇంకా పైకి పోతే నగరపాలక సంస్థ, స్థాయీ సంఘం, పాలకమండలి, అదంతా సంస్కృతం. పొంగిన మోరీ గురించి ఒక అర్జీ పైదాకా చేరాలంటే మూడు భాషలు దాటాలి. అచ్చ తెలుగు మాటలు తిట్టుకోవడానికి మిగిలాయి కాబోలు.

హైదరాబాదులో పురపాలన అనదగినది 1869లో, మొదటి సాలార్‌జంగు హయాంలో మొదలయింది. నగరాన్ని నాలుగు భాగాలుగా, చాదర్‌ఘాట్ శివార్లను అయిదు భాగాలుగా విభజించి, పారిశుద్ధ్యమూ రోడ్ల మరమ్మతూ చూసే ఒక శాఖను పెట్టారు. చాదర్‌ఘాట్ కొంతకాలానికి వేరే పురపాలక సంఘమయింది. 1933 నాటి పురపాలక చట్టం తరువాత తిరిగి నగరంలో కలిసింది. ఈ మధ్యలో 1908 సెప్టెంబరు 28న మూసీ వరద వచ్చి నగరాన్ని ఊడ్చివేసింది. 1912లో నగరాభివృద్ధి మండలి ఏర్పడింది. మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. ఇవన్నీ గొప్ప పనులే, కాదనడానికి లేదు. అయితే అవి పైనుంచి దిగివచ్చిన ఉత్తర్వులతో జరిగిన పనులు. గల్లీలో ఉండే మనిషి నోరు తెరిచి అడిగితే వచ్చినవి కావు. మంచి ప్రభువు దొరికినప్పుడు ఈ పద్ధతి బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. అదే దాని ప్రమాదం.

విశ్వవిద్యాలయమూ అలాగే ఫర్మానాతో పుట్టింది. 1917లో నిర్ణయం, 1918లో స్థాపన, 1919లో గన్‌ఫౌండ్రీ వైపు అద్దె ఇళ్ళలో తరగతులు. శాశ్వత స్థలం వెతకడానికి స్కాట్లండు నుంచి వచ్చిన నగర నిర్మాణవేత్త పాట్రిక్ గెడ్డెస్ సలహా తీసుకున్నారు. ఆయన చూపు నిలిచిన చోటు అడిక్‌మెట్. ఒకప్పుడు కవయిత్రి మహలఖా బాయి చందా జాగీరుగా ఉన్న నేల అది. ఆమె పేరు మోస్తున్న మెట్లబావి నేటికీ అక్కడ ఉంది. నాకు ఆ బావి దగ్గర ఆగాలనిపిస్తుంది. ఎందుకంటే ఆ ప్రాంతంలో జనం నీళ్ళకోసం చేసుకున్న ఏర్పాట్లలో కంటికి కనిపించే పాత ఆనవాలు అదే. గొట్టాలూ మీటర్లూ రాకముందు, ఏ సంఘమూ లేకముందు, ఒక స్త్రీ జాగీరులో తవ్విన బావి.

1934 జూలై 5న కొత్త ప్రాంగణానికి శంకుస్థాపన జరిగింది. కైరోలో పనిచేసిన బెల్జియం వాస్తుశిల్పి జాస్పర్ నమూనాలు గీశాడు. 1939 డిసెంబరు 4న ఆర్ట్స్ కళాశాలను ప్రారంభించారు. ఈ తేదీని కాస్త గుర్తుపెట్టుకోండి, మళ్ళీ పని పడుతుంది. సుమారు 1400 ఎకరాల నేలమీద, నగరానికి దూరంగా, విశ్వవిద్యాలయం తన ఊరిని తానే కట్టుకుంది. రోడ్లు, వసతి గృహాలు, అధ్యాపకుల ఇళ్ళు, తోటలు, వాటన్నిటినీ చూసుకునే తన సొంత ఇంజనీర్లు. పురపాలక సంఘం చేయవలసిన పనులన్నీ ఒక విద్యాసంస్థ కార్యాలయం చేతిలో ఉండడం మనకు వింతగా తోచదు, అలవాటైపోయింది. కాని అక్కడ కాపురముండేవారు నీళ్ళు రాకపోతే ఏ సభ్యుడిని అడగాలి? విశ్వవిద్యాలయ పాలకమండలి చదువుల కోసం ఏర్పడినది. మోరీల కోసం కాదు.

ఆ గులాబీరంగు రాళ్ళు ఎత్తినవారి సంగతి కూడా చెప్పాలి. ప్రాంగణాన్ని ఆనుకుని మాణికేశ్వర్ నగర్ ఉంది. దాని వాడుకపేరు వడ్డెర బస్తీ. విశ్వవిద్యాలయ నిర్మాణానికి రాయి కొట్టడానికి వచ్చిన కుటుంబాలు అక్కడే నిలిచిపోయాయని ఆ చుట్టుపక్కల చెప్పుకుంటారు. కట్టడం పూర్తయ్యాక వాస్తుశిల్పి వెళ్ళిపోతాడు, కట్టినవాడికి మాత్రం వెళ్ళడానికి చోటుండదు. ప్రాంగణానికి ఒక పాలన, కాలనీకి ఒక పాలన ఉన్నాయి. రెండింటి నడుమ ఉన్న బస్తీ ఎవరి లెక్కలోకి వస్తుందన్నది దశాబ్దాల తరబడి తేలని ప్రశ్న.

ఇక తార్నాకకు వద్దాం. 1944లో హైదరాబాదు రాజ్యం నెలకొల్పిన శాస్త్ర పారిశ్రామిక ప్రయోగశాల 1956లో కేంద్ర పరిశోధన మండలి కిందికి వెళ్ళింది. ఈనాటి భారతీయ రసాయన సాంకేతిక సంస్థ అదే. 1958లో కూనూరు నుంచి పోషకాహార పరిశోధనాలయం తరలివచ్చింది. 1961లో హబ్సిగూడ వైపు భూభౌతిక పరిశోధన సంస్థ, 1977లో కణజీవశాస్త్ర సంస్థ. వాటి ఉద్యోగులూ, విశ్వవిద్యాలయ అధ్యాపకులూ, లాలాగూడ రైల్వే పనివారూ ఇళ్ళు కట్టుకున్నారు. మామిడితోటలు ప్లాట్లయ్యాయి, ప్లాట్ల మధ్య వీధులకు పేర్లు పెట్టే ఓపిక లేక కాబోలు అంకెలు వేశారు. నేటికీ తార్నాకలో చిరునామా చెప్పాలంటే వీధి నంబరు చెప్పాలి.

సరిగ్గా ఈ కాలంలో నగరసభ ఏమయింది? 1950లో హైదరాబాదుకూ సికింద్రాబాదుకూ వేరువేరు నగరపాలక సంస్థలు ఏర్పడ్డాయి. 1960 ఆగస్టు 3న రెండూ ఒకటయ్యాయి. 1962లో రాణీ కుముదినీదేవి మేయరుగా ఉన్నారు. ఆ తరువాత 1970 దశకం మొదలయ్యేసరికి ఎన్నికైన సభ లేకుండా పోయింది. మళ్ళీ ఎన్నికలు జరిగింది 1986లో. ఆ సభ 1991తో ముగిసింది. ఆ పైన 2002 వరకు ఎన్నికలు లేవు. లెక్క వేయండి: ముప్ఫైరెండేళ్ళలో సభ నడిచింది సుమారు అయిదేళ్ళు. మిగిలిన కాలమంతా ప్రత్యేకాధికారుల పాలన. తార్నాక తోట నుంచి ఊరయిన ముప్ఫై ఏళ్ళూ ఇవే. ఏ వీధికి మోరీ ముందు, ఏ బస్తీకి కుళాయి తరువాత అన్న మాట ఒక బల్లచుట్టూ కూర్చుని, ఓటు వేసినవారికి జవాబు చెప్పవలసిన మనుషులు వాదించుకుని తేల్చవలసినది. అది అధికారుల దస్త్రాలలో తేలింది. ఆ అధికారులలో సమర్థులు, నిజాయితీపరులు లేరని కాదు. బదిలీ అయి వెళ్ళినవాడిని వీధిలో నిలబెట్టి అడగలేం, అంతే.

సభ లేని చోట జనం తమంతట తాము సంఘాలు కట్టుకున్నారు. కాలనీలలో సంక్షేమ సంఘాలు వెలిశాయి. చందాలు వేసుకుని కాపలాదారును పెట్టుకోవడం, పార్కు స్థలం చుట్టూ గోడ కట్టుకోవడం, నలుగురు కలిసి కార్యాలయానికి వెళ్ళి కూర్చోవడం, ఇవీ వాటి పనులు. పదవీ విరమణ చేసినవారికి తీరిక ఉంటుంది, అర్జీ రాయడం తెలుస్తుంది, పాత పరిచయాలుంటాయి. కూలికి పోయేవాడికి ఈ మూడూ ఉండవు. కాలనీకి పని జరిగి బస్తీకి జరగకపోవడానికి ఒక్కోసారి ఎవరి దుర్మార్గమూ అక్కరలేదు, ఈ తేడా చాలు.

బస్తీల వైపు జరిగిన ప్రయత్నం మాత్రం నిజంగా చెప్పుకోదగినది. 1967లో హైదరాబాదు నగరపాలక సంస్థలో పట్టణ సాముదాయికాభివృద్ధి విభాగం మొదలయింది. బస్తీకి ఒక నిర్వాహకుడు వెళ్ళి, అక్కడివారిచేతనే సంఘం కట్టించి, ఏం కావాలో వారినే అడిగి, కొంత శ్రమ వారిదీ కొంత సొమ్ము సంస్థదీగా పని చేయించడం దాని పద్ధతి. బాలవాడి, కుట్టుపని కేంద్రం, మరుగుదొడ్లు, చిన్న రోడ్లు. తరువాత యునిసెఫ్ చేయి కలిపింది. బ్యాంకుల నుంచి 4 శాతం వడ్డీకి అప్పు ఇప్పించి, పేదలే తమ ఇళ్ళు కట్టుకునేలా చేసిన పని దేశంలో ఇతర నగరాలవారు వచ్చి చూసి వెళ్ళేటంత పేరు తెచ్చుకుంది. 1980లలో బ్రిటిషు ప్రభుత్వ సహాయంతో బస్తీల మెరుగుదల పథకం వచ్చింది. చిత్రమేమిటంటే, పైన నగరసభ లేని రోజుల్లోనే కింద బస్తీ సంఘాలు పనిచేశాయి. అయితే బస్తీ సంఘం కోరవచ్చు, మంజూరు చేయలేదు. మంజూరు చేయవలసిన సభ తలుపులు మూసి ఉన్నాయి.

ఇంతలో సభ చేతిలోని పనులు కూడా తరిగిపోయాయి. 1975లో నగరాభివృద్ధి సంస్థ వచ్చి ప్రణాళికలు తీసుకుంది. 1989లో జలమండలి ఏర్పడి మంచినీళ్ళూ మురుగునీళ్ళూ తీసుకుంది. అక్కడి నుంచి గొట్టం కోసం రోడ్డు తవ్వేది ఒకరు, తవ్విన రోడ్డు పూడ్చేది మరొకరు. వాననీటి నాలా నగరపాలక సంస్థది, మురుగు గొట్టం జలమండలిది. వాన పడినప్పుడు రెండూ కలిసిపోతాయి. 1992లో వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ, మూడు లక్షలు దాటిన పట్టణాలలో వార్డు కమిటీలు ఉండాలని చెప్పింది. అది 1993లో అమలులోకి వచ్చాక కూడా హైదరాబాదు మరి తొమ్మిదేళ్ళు వార్డు సభ్యులే లేకుండా నడిచింది.

2002లో ఎన్నికైన సభ 2007లో ముగిసింది. ఆ ఏడాదే ఏప్రిల్ 16న చుట్టుపక్కల 12 పురపాలక సంఘాలను కలిపి మహానగరపాలక సంస్థ చేశారు. మళ్ళీ రెండున్నరేళ్ళు సభ లేదు. 2009 నవంబరులో 150 వార్డులకు ఎన్నికలు జరిగాయి. తార్నాక నుంచి గెలిచిన బండ కార్తీకరెడ్డి డిసెంబరు 4న మేయరయ్యారు. ఆర్ట్స్ కళాశాల తలుపులు తెరిచి ఆ రోజుకు సరిగ్గా డెబ్బై ఏళ్ళు! ఇన్నాళ్ళూ అడిగే దిక్కులేని ఊరికి ఒక్కసారిగా నగరపు పెద్దపీటే దక్కింది. కాని ఆ రోజుల్లో తార్నాక మోరీల గురించి మాట్లాడే వ్యవధి ఎవరికుంది? నవంబరు 29తో తెలంగాణ ఉద్యమం కొత్త మలుపు తిరిగింది, విశ్వవిద్యాలయం దానికి గుండెకాయ అయింది. ఎన్‌సీసీ గేటు దగ్గర పోలీసులు ముళ్ళకంచెలు పరిచారు. మళ్ళీ తీగ, మళ్ళీ నాకా. అటు విద్యార్థులు, ఇటు బలగాలు, మధ్యలో బస్తీవారు పాలపొట్లాలకు దారి వెతుక్కోవడం. ఆ గేటు ఎవరి పాలనలో ఉందన్న ప్రశ్నకు విశ్వవిద్యాలయం దగ్గర గాని నగరసభ దగ్గర గాని జవాబు లేదు, అది అప్పుడు హోంశాఖ చేతిలో ఉంది.

పార్టీల ఒప్పందం ప్రకారం 2012 జనవరిలో మేయరు మారారు. 2014 డిసెంబరు నుంచి 2016 ఫిబ్రవరి దాకా మరోసారి సభ లేదు. 2021 ఫిబ్రవరిలో తార్నాక సభ్యురాలు మోతె శ్రీలత ఉపమేయరయ్యారు. రెండు పెద్ద పదవులు చూసిన వార్డు ఇది. మరోవైపు 2009, 2016, 2020 ఎన్నికలు మూడింటిలోనూ నగరంలో సగంమంది కూడా ఓటు వేయలేదు. దీనిని మధ్యతరగతి బద్ధకం అని తేల్చేయడం సులువే. సభ ఉన్నా లేకపోయినా బతకడం ఒక తరానికి అలవాటైంది, ఆ తరం తన పిల్లలకు నేర్పినదీ అదే అని నా అనుమానం.

వార్డు కమిటీల మాట 2020 అక్టోబరు చట్ట సవరణలో మళ్ళీ వచ్చింది. యువకులు, మహిళలు, వయోవృద్ధులు, ప్రముఖులు అని వార్డుకు నాలుగు కమిటీలు. పారిశుద్ధ్యం, పచ్చదనం వంటివి చూడడం వాటి పని. ఆ నాలుగు పేర్లలో బస్తీవాడు ఏ పేరుకింద కూర్చుంటాడో చట్టం చెప్పలేదు. 2023 జూన్‌లో 150 వార్డులకూ వార్డు కార్యాలయాలు తెరిచారు. పారిశుద్ధ్యం, ఇంజనీరింగు, దోమల నివారణ, మొక్కలు, వీటితోపాటు జలమండలి నుంచి ఒకరు, విద్యుత్తు నుంచి ఒకరు, మొత్తం పదిమంది ఉద్యోగులను ఒకే కప్పు కింద కూర్చోబెట్టాలన్నది ఆలోచన. 1989లో విడిపోయిన నీళ్ళూ రోడ్డూ ఒకే గదిలో మళ్ళీ కలిశాయి. ఆ పదిమందిలో ఒకరు సాముదాయిక నిర్వాహకులు. 1967లో బస్తీలకు నడిచివెళ్ళి, ఏం కావాలని అడిగిన ఆ విభాగం నుంచే వచ్చారు.