కంపెనీల రాజకీయ విరాళాలు (తెలంగాణ)

కంపెనీలు పార్టీలకు చందాలివ్వడాన్ని 1969లో ఇందిరా గాంధీ ప్రభుత్వం నిషేధించింది. డబ్బు ఆగలేదు, లెక్కల్లోంచి తప్పుకుందంతే. 1985లో మళ్ళీ అనుమతించారు. 2013 కంపెనీల చట్టం మూడేళ్ళ సగటు లాభంలో 7.5 శాతాన్ని గరిష్ఠ పరిమితిగా పెట్టింది. 2017 ఆర్థిక చట్టం ఆ పరిమితిని ఎత్తేసి, ఎన్నికల బాండ్లకు దారి వేసింది.

వెయ్యి రూపాయల నుంచి కోటి దాకా ఐదు విలువల్లో ఈ బాండ్లను ఎస్‌బీఐ అమ్మేది. బాండుపై కొన్నవారి పేరుండేది కాదు, పుచ్చుకునే పార్టీ పేరూ ఉండేది కాదు. అతినీలలోహిత కాంతిలో మాత్రం ఒక రహస్య నంబరు కనిపించేది. సుప్రీంకోర్టు 2024 ఫిబ్రవరి 15న ఈ పథకాన్ని కొట్టేసింది. మార్చి 14న కొన్నవారి జాబితా, పార్టీల జాబితా విడివిడిగా వెలువడ్డాయి గానీ ఎవరి సొమ్ము ఎవరికి చేరిందో తేలలేదు. కోర్టు గట్టిగా మందలించాక మార్చి 21న నంబర్లు బయటికొచ్చాయి. అప్పుడు ముడి వీడింది.

హైదరాబాద్ అనగానే సాఫ్ట్‌వేర్ గుర్తొస్తుంది. జాబితాలో పైవరుసన ఉన్న తెలుగు కంపెనీలు మాత్రం ఆ కోవలోవి కావు. టెక్నాలజీ రంగం నుంచి పెద్ద మొత్తమంటే టెలికాం సంస్థ భారతీ ఎయిర్‌టెల్‌ది, 198 కోట్లు. హైదరాబాద్‌కు చెందిన మేఘా ఇంజినీరింగ్ 966 కోట్లతో దేశంలోనే రెండో స్థానంలో నిలిచింది. అందులో సుమారు 585 కోట్లు బీజేపీకి, 195 కోట్లు అప్పట్లో తెలంగాణను పాలిస్తున్న బీఆర్ఎస్‌కు వెళ్ళాయి. మేఘా కాళేశ్వరం ఎత్తిపోతల పథకానికి పంప్‌హౌస్‌లు కట్టిన సంస్థ. సాఫ్ట్‌వేర్ సంస్థలకూ ఇలాంటి కంపెనీలకూ ఉన్న ఈ తేడాకు కారణం వ్యాపార స్వభావంలోనే ఉందనిపిస్తుంది. 2020లో వరంగల్ మడికొండలో శాఖలు తెరిచిన టెక్ మహీంద్రా, సయెంట్ వంటి సాఫ్ట్‌వేర్ సంస్థలకు ప్రభుత్వంతో పని ప్రధానంగా స్థలం, రాయితీల వరకే. బిల్లులు కట్టేది ఎక్కువగా విదేశీ ఖాతాదారులు. ఎత్తిపోతలు కట్టేవారికి ఖాతాదారు సర్కారే. అయితే కాంట్రాక్టుకూ బాండుకూ ముడి ఉందని ఏ కోర్టూ తేల్చలేదు. ప్రత్యేక బృందంతో దర్యాప్తు జరిపించాలన్న పిటిషన్లను సుప్రీంకోర్టు 2024 ఆగస్టులో తోసిపుచ్చింది.

ఇక ఎన్నికలపై ప్రభావం. 2019 ఏప్రిల్ తర్వాత బీఆర్ఎస్‌కు అందిన బాండ్లు 1,214 కోట్లు. దేశంలో నాలుగో స్థానం. ఓ ప్రాంతీయ పార్టీకి ఇది చిన్న మొత్తం కాదు. అయినా 2023 నవంబరు అసెంబ్లీ పోలింగులో ఆ పార్టీ 119 స్థానాల్లో 39తో సరిపెట్టుకుంది. ఉమ్మడి వరంగల్ జిల్లాలోని 12 స్థానాల్లో దక్కినవి రెండే: జనగామ, స్టేషన్ ఘన్‌పూర్. బాండ్ల నంబర్లు బయటపడిన వారానికి, వరంగల్ లోక్‌సభకు బీఆర్ఎస్ ప్రకటించిన అభ్యర్థి కడియం కావ్య పోటీ నుంచి తప్పుకున్నారు. తర్వాత కాంగ్రెస్ టికెట్టుపై నిలబడి 2.2 లక్షల ఆధిక్యంతో గెలిచారు. రెండో స్థానం బీజేపీకి వెళ్ళిన అరూరి రమేశ్‌ది, ఆయన బీఆర్ఎస్ మాజీ ఎమ్మెల్యే. బీఆర్ఎస్ మూడో స్థానంతో సరిపెట్టుకుంది.