లాల్‌బాగ్ పూలు, ఎం.టి.ఆర్ రవ్వ ఇడ్లీ: ఈ రెండు క్యూల వెనక అసలు కథ



బెంగళూరులో ఉండే మన తెలుగువాళ్ళకి ఏడాదికి రెండుసార్లు ఒక ఫిక్స్‌డ్ ప్లాన్ ఉంటుంది. రిపబ్లిక్ డే టైంలో ఒకసారి, ఇండిపెండెన్స్ డే టైంలో ఒకసారి లాల్‌బాగ్ ఫ్లవర్ షో. దానికి ముందో తర్వాతో, అక్కడి నుంచి నడిచి వెళ్ళేంత దూరంలో ఉన్న ఎం.టి.ఆర్‌లో టిఫిన్. హిందూపురం, అనంతపురం నుంచి పొద్దున్నే ట్రైనెక్కి వచ్చేవాళ్ళు కూడా ఉన్నారు.

రెండు చోట్లా క్యూనే. ఆ క్యూలో నిలబడి మనం ఫోన్ చూస్తూ విసుక్కుంటాం. కానీ ఒక్క నిమిషం ఆలోచించండి. మీ ముందు ఎవరున్నారో, వెనక ఎవరున్నారో, వాళ్ళ కులమేంటో ఎవరూ అడగట్లేదు. అందరూ ఒకే లైన్. ఇది మన ముత్తాతల కాలంలో లేదు. ఇది ఎలా వచ్చిందో చెప్పుకుందాం.

ముందు తోట సంగతి.

1760 ప్రాంతంలో హైదర్ అలీ ఈ తోట మొదలుపెట్టాడు. శిరాలో ఉన్న మొఘల్ తోటలు చూసి ఆయనకి ఈ ఐడియా వచ్చిందంటారు. శిరా అంటే మన మడకశిర దాటి కర్ణాటకలోకి వెళ్తే వచ్చే ఊరే. తర్వాత టిప్పు సుల్తాన్ బయటి దేశాల నుంచి విత్తనాలు, మొక్కలు తెప్పించి తోటని పెంచాడు. అయితే అప్పటికి ఇది రాజుగారి తోట. మనలాంటి వాళ్ళు టికెట్ కొనుక్కుని వెళ్ళే చోటు కాదు.

1799లో టిప్పు చనిపోయాక తోట ఇంగ్లిష్ వాళ్ళ చేతిలోకి వెళ్ళింది. 1856లో దీన్ని ప్రభుత్వ బొటానికల్ గార్డెన్ చేశారు. వాళ్ళకి పూల మీద ప్రేమ ఉంది, కాదనను. అంతకన్నా ఎక్కువ ఇంట్రెస్ట్ మాత్రం ఏ మొక్క ఇక్కడ బతుకుతుంది, ఏది డబ్బు తెస్తుంది అన్న దాని మీద. బేసిక్‌గా లాల్‌బాగ్ ఒక టెస్టింగ్ ల్యాబ్.

దీనికి సాక్ష్యం మీ వంటింట్లోనే దొరుకుతుంది. అమ్మ పప్పులోనో కూటులోనో వేసే బెంగళూరు వంకాయ తెలుసు కదా? అది వంకాయ జాతి కాదు, పుట్టింది బెంగళూరులోనూ కాదు. దాని సొంతూరు మెక్సికో వైపు. లండన్ క్యూ గార్డెన్స్ నుంచి వచ్చి లాల్‌బాగ్‌ని చాలా ఏళ్ళు నడిపిన జాన్ కామెరూన్ దీన్ని ఇక్కడికి తెచ్చాడని చెబుతారు. ఊరి పేరు దాని పేరులో అలా అతుక్కుపోయింది.

ఫ్లవర్ షోలో మీరు సెల్ఫీలు దిగే గ్లాస్ హౌస్ కూడా కామెరూన్ టైందే. లండన్ క్రిస్టల్ ప్యాలెస్‌ని చూసి డిజైన్ చేశారు. 1889 నవంబర్ 30న విక్టోరియా రాణి మనవడు ఆల్బర్ట్ విక్టర్ దానికి శంకుస్థాపన చేశాడు. తర్వాత 1908లో జర్మనీ నుంచి వచ్చిన క్రుంబీగల్ ఆ బాధ్యత తీసుకున్నాడు. 1912లో మైసూరు హార్టికల్చరల్ సొసైటీ పుట్టింది. ఇప్పటికీ హార్టికల్చర్ డిపార్ట్‌మెంట్‌తో కలిసి షో నడిపేది ఆ సొసైటీనే. మన భాషలో చెప్పాలంటే ఫ్లవర్ షో మొదట్లో ఒక ప్రొడక్ట్ డెమో. కొత్త మొక్క వచ్చింది, ఇలా పెంచాలి, మీ తోటలో కూడా వేసుకోండి అని చూపించడం.

ఇప్పుడు హోటల్ దగ్గరికి వద్దాం. అసలు విషయం ఇక్కడుంది.

ఉడిపి దగ్గర పారంపళ్ళి నుంచి బెంగళూరు వచ్చిన మయ్యా సోదరులు 1924లో ఒక చిన్న హోటల్ పెట్టారు. దాని పేరు ఎం.టి.ఆర్ కాదు. బ్రాహ్మణ్ కాఫీ క్లబ్.

ఆ పేరు ఎందుకు? ఆ రోజుల్లో బయట తినడం అంటేనే పెద్ద తప్పు. ఎవరు వండారో తెలియని అన్నం తినకూడదు, ఎవరి పక్కనో కూర్చుని తినకూడదు. అందుకే బోర్డు మీద కులం పేరు ఒక గ్యారంటీ కార్డులా పనిచేసేది. దక్షిణాదిలో చాలా హోటళ్ళకి ఇలాంటి పేర్లే. చాలా చోట్ల బ్రాహ్మణులకి ఒక గది, మిగతావాళ్ళకి ఇంకో గది. దళితులకి లోపలికి ఎంట్రీనే ఉండేది కాదు. బోర్డు మీద ఉన్న ఒక్క మాట కొంతమందికి "రండి" అని చెప్పేది, చాలామందికి "మీరు కాదు" అని చెప్పేది.

మరి ఇది ఎక్కడ మారింది? చాలా చోట్ల పోరాటాలు జరిగాయి. చట్టంలో అది ఖాయమైన రోజు మాత్రం 1950 జనవరి 26. అవును, ఫ్లవర్ షో జరుపుకునే అదే రోజు.

రాజ్యాంగంలో ఆర్టికల్ 15, క్లాజ్ 2 ఒకసారి చదవండి. మతం, జాతి, కులం, లింగం, పుట్టిన ఊరు చూసి ఎవర్నీ దుకాణాలు, హోటళ్ళు, వినోద స్థలాల్లోకి రానివ్వకుండా ఆపకూడదు. ఇది మొదటి భాగం. రెండో భాగంలో బావులు, చెరువులు, రోడ్లు, ప్రభుత్వ డబ్బుతో నడిచే పబ్లిక్ ప్లేసులు ఉన్నాయి. మొదటి భాగంలో ఎం.టి.ఆర్ వచ్చేసింది, రెండో భాగంలో లాల్‌బాగ్ వచ్చేసింది. మన సండే ప్లాన్ మొత్తం ఆ ఒక్క క్లాజ్‌లో ఉంది.

రాజ్యాంగ సభలో ఈ క్లాజ్ మీద చర్చ జరిగినప్పుడు "దుకాణం" అంటే లాండ్రీ, క్షౌరశాల కూడా వస్తాయా అని అడిగారు. సర్వీస్ ఇచ్చే ఎవరైనా అందులోకి వస్తారని అంబేద్కర్ వివరించారు. ఒక్క పదం వెడల్పుగా చదవాలా, ఇరుకుగా చదవాలా అన్నదాని మీద ఎన్ని తలుపులు ఆధారపడ్డాయో చూడండి.

ఎం.టి.ఆర్‌లో కూడా ఒక ఇంట్రెస్టింగ్ మార్పు వచ్చింది. 1951లో యజ్ఞనారాయణ మయ్యా యూరప్ తిరిగి, అక్కడి హోటళ్ళు చూసి వచ్చారు. వచ్చాక గిన్నెలు, గ్లాసులు శుభ్రం చేసే పద్ధతి మార్చారు. కస్టమర్లు వంటగది మీదుగా నడిచి వెళ్ళి కూర్చునే ఏర్పాటు చేశారు. 1960లో ఇప్పుడున్న లాల్‌బాగ్ రోడ్డు చోటుకి మారినప్పుడు పేరు మావళ్ళి టిఫిన్ రూమ్స్ అయింది. కులం పేరు పోయి ఏరియా పేరు వచ్చింది. పేరు ఈ చట్టం వల్లే మార్చారని నేను అనట్లేదు. కానీ తేడా గమనించండి. 1924లో నమ్మకం ఎలా వచ్చేది? వండినవాడి కులం వల్ల. తర్వాత? మీ కళ్ళతో చూసిన శుభ్రమైన వంటగది వల్ల. నాకైతే ఆ హోటల్ చరిత్రలో అన్నిటికన్నా పెద్ద విషయం ఇదే.

మిగతా కథ స్పీడ్‌గా చెప్పేస్తా. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ బర్మాని పట్టుకోవడంతో అక్కడి నుంచి వచ్చే బియ్యం ఆగిపోయింది. ఆ కరువులోనే రవ్వతో ఇడ్లీ చేసి చూశామని ఎం.టి.ఆర్ వాళ్ళు చెబుతారు. అదే రవ్వ ఇడ్లీ. ఎమర్జెన్సీలో ప్రభుత్వం హోటల్ రేట్లు బాగా తగ్గించమంది. ఆ రేటుకి ఆ క్వాలిటీ కుదరక హోటల్ మూసేసి, పొడులు, మిక్స్‌లు అమ్మడం మీద పడ్డారు. దీపావళికి మీ ఇంట్లో కలిపే గులాబ్ జామూన్ ప్యాకెట్‌కి మూలం అక్కడుంది. 1980లలో హోటల్ మళ్ళీ తెరిచారు. ప్యాకెట్ల కంపెనీ 2007లో నార్వేకి చెందిన ఓర్క్లా చేతికి వెళ్ళింది. హోటల్ మాత్రం ఇంకా కుటుంబం దగ్గరే ఉంది.

2024 ఆగస్టు ఫ్లవర్ షో థీమ్ ఏంటో గుర్తుందా? డాక్టర్ అంబేద్కర్. ఒకప్పటి రాజుగారి తోటలో, ఇంగ్లిష్ యువరాజు పునాది వేసిన గ్లాస్ హౌస్‌లో, ఆ గేటు అందరికీ తెరిచిన చట్టం రాసిన మనిషిని పూలతో నిలబెట్టారు. సెల్ఫీ దిగిన ఎంతమందికి ఈ లింక్ తట్టిందో మరి.

అలాగని అంతా అయిపోయిందనుకోవద్దు. తెలంగాణ, ఆంధ్ర పల్లెల్లో టీ కొట్టు దగ్గర రెండు గ్లాసుల పద్ధతి మన అమ్మానాన్నలు చూసిందే. దళితులకి వేరే గ్లాసు, తాగాక వాళ్ళే కడిగి పెట్టాలి. అది రాజ్యాంగం వచ్చిన ఎన్నో ఏళ్ళ తర్వాతి మాట. కాగితం మీద తలుపు తెరుచుకున్నా, గడప దాటడానికి ఇంకో పోరాటం కావాల్సొచ్చింది.

ఈ వారం మీకొక చిన్న పని. ఇంట్లో తాతయ్యనో అమ్మమ్మనో అడగండి: మొదటిసారి హోటల్లో ఎప్పుడు తిన్నారు? ఎక్కడ కూర్చోనిచ్చారు? గ్లాసు ఎవరు కడిగారు? వాళ్ళు చెప్పింది కామెంట్స్‌లో రాయండి. ఊరి పేరు, ఏ సంవత్సరమో కూడా పెట్టండి. బాగున్నవి తర్వాతి ఎపిసోడ్‌లో చదువుతాను.

ఉంటానండి మరి.